పాయింట్ నాలుగు

"పాయింట్ నాలుగు ఒకటి."

అధికారి ల్యాబ్ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. గట్టు మీద నిలబడ్డ పెద్దాయన తల ఊపాడు. ఉండాల్సింది పాయింట్ మూడు లోపు.

అది నార కోసం వేసే గంజాయి. పీల్చినా మత్తు ఎక్కదు, తలనొప్పి మాత్రం గ్యారంటీ. గుడ్డకీ, తాడుకీ, కాగితానికీ పనికొస్తుంది కాబట్టి ప్రభుత్వం లైసెన్సు ఇచ్చింది. ఇచ్చి ఊరుకోకుండా ఒక గీత కూడా గీసింది. మత్తు పదార్థం నూటికి పాయింట్ మూడు దాటిందా, పైరు కాస్తా నేరమైపోతుంది. పూత మొదలయ్యాక అది రోజురోజుకీ పెరుగుతుంది. అందుకే పూత కనపడగానే రైతు నోటీసు పంపాలి. ఆఫీసు వాళ్ళు వారంలోపు వచ్చి కొసలు కత్తిరించి పరీక్షకి పంపాలి.

ఇక్కడ మూడు వారాలు గడిచాక వచ్చారు.

"నోటీసు లేటుగా పంపావా పెద్దాయనా?" ట్రాక్టర్ డ్రైవర్ అడిగాడు. చేనుని మట్టిలో కలిపేయడానికి ఎక్కడో దూరం నుంచి పిలిపించిన మనిషి. ఇక్కడ అతనికి ఎవరూ తెలియదు. అయినా నోరు ఊరుకోదు.

"టైముకే పంపాను."

"మరి?"

అధికారే చెప్పాడు.

"నా టేబుల్ మీదే ఉండిపోయింది. నేను సెలవులో ఉన్నాను."

"బాగుందండీ. మేం సెలవు పెడితే ఇంట్లో పొయ్యి వెలగదు. మీరు పెడితే జనం పంటలు ముదిరిపోతాయి."

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడు పెద్దాయన. గొంతేమీ పెంచలేదు. అయినా డ్రైవర్ వెళ్ళి ఇంజను స్టార్ట్ చేశాడు.

ఈ పంట వేయమన్నది పెద్దాయన కూతురు. మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి తండ్రి పేరున లైసెన్సు తెచ్చింది. మొదటి ఏడు పంటంతా మిల్లుకే పోయింది. వచ్చే ఏడు ఒక మోపు ఉంచుకుందాం, ఆ నారతో అమ్మకి దుప్పటి నేయిస్తాను అంది. చేను పూతకొచ్చిన రోజే జ్వరంతో ఆస్పత్రిలో చేరింది. పెద్దాయన దారిలో నోటీసు పోస్టులో వేసి, అటునుంచటే ఆమె దగ్గరికి వెళ్ళాడు. పదహారో రోజున ఆమె లేదు.

ఇంక మిగిలింది ఈ చేనే. నిలువెత్తు పెరిగి, గాలికి ఊగుతోంది. చూడ్డానికి ఏ దోషమూ లేదు.

ఇంట్లోంచి పెద్దావిడ మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు అధికారికి ఇచ్చి, అక్కడే నిలబడింది.

"ఎండలో ఎంతసేపు నిలబడతావు బాబూ, నీడకి రారాదూ."

"ఫర్లేదమ్మా."

"ఒక్క మోపు ఉంచుకుంటే తప్పా? చాలు, ఒక్కటి. దుప్పటి మాటెందుకు, ఊరికే ఇంట్లో ఉంటుంది."

అధికారి నీళ్ళు తాగలేకపోయాడు. ఆవిడ మొహం చూడకుండా అన్నాడు. "ఒక్క కాడ కూడా ఉంచకూడదమ్మా. రేపు తనిఖీలో దొరికితే లైసెన్సు పోతుంది. ఈయన మీద కేసవుతుంది."

"ఆయన్ని ఇబ్బంది పెట్టకు," అన్నాడు పెద్దాయన భార్యతో. "పద లోపలికి."

ఆవిడ వెళ్ళలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టు మీద కూర్చుంది.

ట్రాక్టర్ చేలో దిగింది. మొక్కలు వరసలు వరసలుగా ఒరిగాయి. పచ్చి వాసన గుప్పుమంది. రెండు గంటల్లో మొత్తం అయిపోయింది. అంత చేనూ అంత తొందరగా అయిపోతుందని పెద్దాయన అనుకోలేదు. మధ్యలో ఎక్కడైనా ఇంజను ఆగిపోతుందేమోనని పిచ్చి ఆశ పడ్డాడు. కొత్త ఇంజను, ఎందుకాగుతుంది.

డ్రైవర్ దిగి చేతులు తుడుచుకున్నాడు. పెద్దావిడని చూశాక అతని గొంతు తగ్గింది.

"నోటీసు వేశాక ఒక్క ఫోన్ చేసి గుర్తు చేయాల్సింది పెద్దాయనా. పంట దక్కేది."

"చేయబుద్ధి కాలేదు."

"అదేంటి, సారు ఏమన్నా కోప్పడతారా?"

"లేదు. ఆ టైములో పంట మాట ఎత్తబుద్ధి కాలేదు. అంతే."

అధికారి ట్రాక్టర్ బానెట్ మీద కాగితాలు పరిచాడు. పంట నాశనం చేసినట్టు ధ్రువీకరణ పత్రం, రెండు కాపీలు. సర్వే నంబరు రాశాడు. విస్తీర్ణం రాశాడు. పెద్దాయన సంతకం తీసుకున్నాడు. డ్రైవర్ సాక్షి సంతకం చేశాడు. చివరి గడి దగ్గర అధికారి పెన్ను ఆగిపోయింది.

పెద్దాయన వంగి చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"ఇక్కడ ఏం రాయమంటారు?" అధికారి అడిగాడు.

"రూలు ఏం చెప్తుంది సార్?"

"ఇవాళ్టికి ఉన్నదే రాయాలి."

పెద్దాయన నల్లగా తిరగబడ్డ మట్టి వైపు చూశాడు.

"ఇవాళ్టికి ఇంకేముంది. రాసేయండి."

‘రైతుతో అధికారికి గల బంధుత్వం’ అని అచ్చేసిన ఆ గడిలో, నిరుడు తనిఖీ కాగితం మీద ఇలాంటి గడిలోనే ‘అల్లుణ్ణి’ అని రాసి ఈ చేనుని పక్క ఆఫీసుకి అప్పగించిన అధికారి, ఈసారి ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాడు.