కుక్కంత ఖాళీ

చందర్లపాడు బడి నుంచి నందిగామలోని ఇంటికొచ్చిన రోజారమణి గేటు దగ్గరే ఆగిపోయింది. వాకిట్లో వెలిసిపోయిన పార్కింగ్ టైల్స్‌కి భర్త రూబెన్ సొంతంగా రంగు వేశాడు. అంతా నిగనిగలాడే ఎరుపు. మధ్యలో మాత్రం కాళ్లూ తోకా సహా కుక్క ఆకారంలో పాత బూడిద రంగు మిగిలిపోయింది.

"అదేంటండీ?"

"మన వీధి కుక్క అక్కడ పడుకుంది. చుట్టూ జాగ్రత్తగా వేసుకొచ్చా."

"లేపొచ్చుగా! సాయంత్రం ప్రార్థనకి పాస్టరు గారొస్తున్నారు."

"ఎలా లేపేది? మంచి నిద్రలో ఉంది."

"పోనీ, అది లేచి వెళ్లాకైనా వెయ్యాల్సింది."

"అప్పటికి తెచ్చిన రంగు అయిపోయింది."

రోజారమణికి ఒళ్లు మండింది. "కుక్క మీద ఇంత జాలా? తెల్లారుజామున జగ్గయ్యపేట ఫ్యాక్టరీకి పోతూ ఏనాడైనా నాకో మాట చెప్పి వెళ్లారా?"

రూబెన్ బ్రష్షు తుడుస్తూ తలెత్తాడు. "నువ్వూ నిద్రలోనే ఉంటావుగా, రోజా."

పెళ్లైన ఇన్నేళ్లూ ఆమె దాన్ని నిర్లక్ష్యమనే అనుకుంది.

సాయంత్రం రంగు ఆరాక వచ్చిన పాస్టరు గారు ఆ ఆకారాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగొచ్చి, "ఇదేంటమ్మా?" అని అడిగారు.

"మా వారి పనేనండి," అంది రోజారమణి గర్వంగా. "నిద్రపోయేవాళ్లని లేపరు."