ముత్తవ్వ వాంగ్మూలం

"ఉడికిందా లేదా చూడు పిల్లా," అంది ముత్తవ్వ.

విమల కడాయిలోంచి తీసిన పసుపు కొమ్ములో పుల్ల గుచ్చింది. మెత్తగా దిగిపోయింది. పెళ్ళై ఇరవై రోజులు. డిగ్రీ ఫస్టు క్లాసులో పాసైనప్పుడు కూడా ఆమె ఇంత సంబరపడలేదు. హైదరాబాదులో పసుపంటే కిరాణా కొట్టు పొట్లం. ఆర్మూర్‌లో పసుపంటే భూమిలోంచి తవ్విన వెంటనే ఉడకబెట్టే కడాయి, ముఖాన కొట్టే ఆవిరి, పచ్చబడ్డ తన మడమలు చూసి మురిసిపోయే మొగుడు గంగాదాస్.

"ఉడికింది అత్తమ్మా!"

"మెల్లగనే, పెర్కిట్ దాక ఇనబడ్డది," అంది పక్క పొయ్యి దగ్గరున్న నర్సవ్వ.

అప్పుడే జీపొకటి కళ్ళం పక్కన ఆగింది. దిగినాయన విమాన ప్రమాదాలను విచారించే ఆఫీసరు. కిందటి కార్తీక పున్నమి నాడు ఈ పొలాల దగ్గరే ఓ శిక్షణ విమానం కూలింది. నడిపింది విజయలక్ష్మి అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి. కాలు విరిగినా ప్రాణం దక్కింది. మక్కచేనులో కంకులు విరుస్తున్న పన్నెండు మంది ఆడవాళ్ళ మీద పడాల్సిన విమానాన్ని ఆ అమ్మాయి పక్కకు తిప్పి వాగు ఇసుకలో దించింది. ఆ పన్నెండు మందిలో ముత్తవ్వ ఒకతె. ఈ కథ ఆమె కొత్త కోడలికి ఇప్పటికి పదిసార్లు చెప్పింది.

ఆఫీసరు నులక మంచం మీద కూర్చుని ఫైలు తెరిచాడు.

"ఆ విమానాల స్కూలు మైదానంలో శిక్షణ మొదలుపెట్టి ఎనిమిదేళ్ళు. ఇది నాలుగో ప్రమాదం. మొదటిసారి గద్ద తగిలింది. రెండోసారి కరెంటు తీగ. మూడోసారి పొగమంచు. మూడింటికీ బయట కారణం దొరికింది. దీనికి దొరకలేదు. అలాంటప్పుడు తప్పు నడిపిన మనిషిదని రాయాలి. ఆడపిల్ల కదా, భయపడి ఉంటుందని స్కూలువాళ్ళు కూడా అంటున్నారు."

"రాస్తే ఏమైతది?" అంది ముత్తవ్వ.

"ఇక ఆ అమ్మాయిని విమానం ఎక్కనివ్వరు."

"ఇంజన్ ఆగింది సారూ! గుర్రుమని వచ్చుకుంట వచ్చుకుంట గప్పున బందైంది. మేమంత తలకాయలెత్తి చూసినం."

"ఆ అమ్మాయీ అదే అంది. కానీ ఇంజన్ బాగానే ఉందని స్కూలువాళ్ళు కాగితం ఇచ్చారు."

"ఇంజనూ ఆళ్ళదే, కాగితమూ ఆళ్ళదే," అంది నర్సవ్వ. "మస్తుగున్నది ముచ్చట!"

"ఇంజన్ల సంగతి మీకేం తెలుసమ్మా?" ఆఫీసరు నవ్వాడు. పెన్ను మూత కూడా తీయలేదు.

విమలకు ఒళ్ళు మండింది. "పన్నెండు మంది ఒకే మాట చెబుతున్నారు సార్. కనీసం రాసుకోండి."

"నువ్వు చూశావా?"

"లేదు. అప్పటికి నా పెళ్ళి కాలేదు."

"మరింకేం," అన్నాడాయన. అంతలో గాలి తిరిగి పొయ్యి పొగ ఆయన ముఖాన కొట్టింది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ చుట్టూ చూశాడు. కనుచూపు మేర ప్రతి పొలంలోనూ పొగ లేస్తోంది.

"అబ్బ! ఎప్పుడూ ఇంతేనా ఇక్కడ?"

పొయ్యిలోకి ఎండాకు తోస్తున్న ముత్తవ్వ చెయ్యి ఆగింది. ఆయన వైపు తేరిపార చూసింది.

"గంతే సారూ."

"ఆ రోజు కూడా ఉందా?"

"ఉండె. నేనే పెట్టిన."

విమల ఉలిక్కిపడింది. ఆఫీసరు పెన్ను మూత తీశాడు. "ఇంతసేపూ చెప్పలేదేం?"

"బయపడ్డ. ఇగ బయం లేదు, రాయుండ్రి."

"నాది గూడ రాయుండ్రి," అంది నర్సవ్వ. "నాది ఆమెకంటె పెద్ద కడాయి."

"నేనైతే పచ్చి కట్టెలు ఏసిన సారూ," అని ముందుకొచ్చింది ఇంకో పొయ్యి దగ్గరున్న గంగమణి. "మబ్బు కమ్మినట్టే ఉండె."

విమల అత్తగారి ముఖంలోకి చూసింది. ఇరవై రోజులుగా విన్న ఇంజన్ కథ అబద్ధమా? అయినా అత్తమ్మ మీద కోపం రాలేదు. తప్పు ఒప్పుకునేటప్పుడు ఇంత నిటారుగా నిలబడ్డ మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు.

"అత్తమ్మా, ఆలోచించండి. కేసు పెడతారేమో."

"పెట్టొచ్చు," అన్నాడు ఆఫీసరు.

"పెట్టుండ్రి! పొయ్యి ముట్టించినోళ్ళను జైల్ల ఏసుడైతే ముందుగాల ఆర్మూరంత పట్టే జైలు కట్టుండ్రి. గా పిల్ల మీద మాత్రం తప్పు రాసిండ్రో, మేమంత లారీ ఎక్కి మీ ఆఫీసు కాడికొస్తం."

వాంగ్మూలం విమలే రాసింది. ముత్తవ్వ తడబడకుండా వేలిముద్ర వేసింది. ఆఫీసరు తన ముగింపు రాసి పైకి చదివాడు.

"కారణం, పసుపు ఉడకబెట్టే పొయ్యిల పొగలో నేల కనబడకపోవడం. నడిపిన వ్యక్తి తప్పు లేదు. తిరిగి ఎగరనివ్వవచ్చు."

జీపు రోడ్డెక్కింది. ముత్తవ్వ ఏమీ జరగనట్టే పొయ్యి ముందు కూర్చుంది. విమల చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన కూలబడింది.

"మనసులో పెట్టుకోకండి అత్తమ్మా. తెలియక జరిగింది. వచ్చే కార్తీకంలో గాలి ఎటుందో నేను చూసి చెబుతాను. అప్పుడే ముట్టిద్దాం."

నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. గంగమణి కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. ముత్తవ్వ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి కోడలిని దగ్గరికి లాక్కుంది.

"కార్తీకంల పసుపు ఇంకా భూమిలనే ఉంటది బిడ్డా!"