హొరేస్ క్షేమం కోరి

“వెనక్కి రా, హొరేస్. తుపాకీ మర్చిపోయావ్.”

ఉదయం ఏడు గంటలు. యాప్‌లో పిలిచిన ప్రయాణికుడి కోసం మెంఫిస్ నగరం ఆ చివరికంటా వెళ్ళిన హొరేస్ పూల్‌కి భార్య చేసిన ఫోను అది.

“పన్నెండు మైళ్ళు వచ్చేశాను వెర్నీస్! ఒక్క రోజు అది లేకపోతే చచ్చిపోతానా?”



“రా. నీకు దణ్ణం పెడతాను, రా.”

భార్య ఇంతగా బతిమాలుతుంటే ఏ మొగుడు కాదంటాడు? ప్రయాణికుడికి టాటా చెప్పి బండి తిప్పాడు. వెర్నీస్ రాత్రి వేసుకున్న గౌనుతోనే వాకిట్లో నిలబడి ఉంది. తుపాకీని గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టి, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుంది. తనే కారు ముందు అరలో పెట్టి, మూత వేసి, బండి మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయింది.

విమానాశ్రయం పక్కన డ్రైవర్లు బేరాల కోసం కాచుకునే స్థలంలో స్నేహితుడు క్లీటస్ పలకరించాడు.

“ఏరా, నీకు ఇప్పుడా తెల్లారింది?”

“మా ఆవిడ వెనక్కి పిలిచింది. తుపాకీ మర్చిపోయానట.”

“కార్లో తుపాకీ కనబడితే ఆ రోజే ఇంటికి పంపిస్తారు. కంపెనీ రూలు తెలుసుగా?”

“దొంగలకి కూడా పంపారా ఆ రూలు?”

“పంపకపోతేనేం? దొంగ వెనక సీట్లో ఉంటాడు, తుపాకీ ముందు అరలో ఉంటుంది. ‘ఒక్క నిమిషం ఆగు బాబూ, మూత తీస్తున్నా’ అంటావా?”

“అదే నేనూ చెప్పాను. వింటేగా! పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా నేనంటే అంత ప్రాణం.”

“అదృష్టవంతుడివిరా. మా ఆవిడైతే దొంగకి ఫోన్ చేసి, నా బండి నంబరు చెప్తుంది.”

హొరేస్ గర్వంగా నవ్వాడు. నిజానికి ఆ తుపాకీ వాళ్ళ నాన్నది. ఇరవై ఏళ్ళుగా పడగ్గది సొరుగులో సుఖంగా నిద్రపోయింది. వెర్నీస్ వంట చేసే బడి వసంతంలో మూతపడింది. అప్పట్నుంచి ఆమె ఇంట్లోనే ఉంటోంది. ‘మా ఆవిడది రాణీ బతుకు, మధ్యాహ్నందాకా కర్టెన్లు కూడా తియ్యదు’ అని హొరేస్ అందరికీ చెప్పేవాడు. సొంత చెల్లెలు ఫోన్ చేసినా ఎత్తడం లేదంటే, రాణులు అందరితోనూ మాట్లాడరు కదా అని సరిపెట్టుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆమె తుపాకీ అమ్మెయ్యమంది. “మా నాన్న గుర్తు. నా కంఠంలో ప్రాణం ఉండగా అమ్మను” అన్నాడు. వారం తిరక్కుండా ఆమె మాట మార్చింది. “అయితే కార్లో పెట్టుకెళ్ళు. రోజులు బాగాలేవు” అంది. తన క్షేమం కోసం ఇంతగా తల్లడిల్లే ఇల్లాలిని చూసి హొరేస్‌కి కళ్ళు చెమర్చాయి.

ఆ రోజు పదకొండింటికి ఎక్కినవాడు భారీ మనిషి. చొక్కా మీద పెద్ద అక్షరాలతో ‘నా తుపాకీ, నా హక్కు’ అని రాసి ఉంది. హొరేస్ పక్కనే కూర్చుని, దేశంలో ప్రతి డ్రైవరూ ఆయుధం ఉంచుకోవాలని దారి పొడుగునా ఉపన్యాసం ఇచ్చాడు. ఇంతలో కుక్క ఒకటి అడ్డం వచ్చింది. హొరేస్ బ్రేకు తొక్కాడు. ముందు అర మూత ఊడి, గుడ్డలోంచి తుపాకీ జారి ఆ దేశభక్తుడి ఒళ్ళో పడింది.

“వామ్మో! ఆపు! బండి ఆపు!”

“మీరే కదండీ ఇప్పటిదాకా చెప్పారు, ప్రతి డ్రైవరూ ఉంచుకోవాలని!”

“ప్రతి డ్రైవరూ అన్నాను. నా డ్రైవరు అన్నానా?”

అతను దిగి పరిగెత్తుతూనే ఫిర్యాదు కొట్టాడు. పది నిమిషాల్లో కంపెనీ నుంచి కబురు వచ్చింది: ‘మీ భద్రతే మాకు ముఖ్యం. ఈ క్షణం నుంచి మీరు మా డ్రైవరు కారు.’ నిజమే, ఇంతకు మించిన భద్రత ఏముంటుంది?

మిట్టమధ్యాహ్నం హొరేస్ ఇంటికి వచ్చేసరికి కర్టెన్లు వేసే ఉన్నాయి. వెర్నీస్ చీకట్లో సోఫా మీద కూర్చుని ఉంది. టీవీ కూడా పెట్టుకోలేదు.

“సంతోషమేనా తల్లీ?” అన్నాడు, తుపాకీ చేత్తో పట్టుకుని. “ఏడేళ్ళలో దొంగలు చెయ్యలేని పని నీ ప్రేమ చేసింది. ఉద్యోగం ఊడింది.”

“అయ్యో, హొరేస్...”

“రేపు గిడ్డంగిలో పని అడుగుతాను. అక్కడ గేటు దగ్గరే ఒళ్ళంతా తడిమి చూస్తారు. ఇక ఇది ఇంట్లోనే.” పడగ్గదిలోకి నడిచి సొరుగు లాగాడు.

వెర్నీస్ పరిగెత్తుకొచ్చి సొరుగుకి అడ్డంగా నిలబడింది.

“ఇక్కడ వద్దు. అమ్మెయ్. నదిలో పారెయ్. ఇక్కడ మాత్రం పెట్టకు.”

“ఇదేం చోద్యం? దొంగలు నన్ను చంపేస్తారనేగా ఇన్నాళ్ళూ దీన్ని నాకు అంటగట్టావ్! ఇప్పుడు నేనే రోడ్డెక్కనుగా. ఇంకెందుకు భయం?”

“నాకు దొంగలంటే ఎప్పుడూ భయం లేదు” అంది వెర్నీస్, అతని మొహంలోకి చూడకుండా. “నువ్వెళ్ళాక పగలంతా నేనొక్కదాన్నే కదా.”

“అయితే?”

“అది ఇంట్లో ఉంటే, నన్ను నేను నమ్ముకోలేను.”