లెగిట్ అంటే చదివాడు

జడ్జి కీర్తనల పుస్తకంలో ఎర్ర రిబ్బను దాటి ఇంకో గుప్పెడు పేజీలు తిప్పేసరికి హంఫ్రీ స్నెల్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి.

దొంగలతో ఎప్పుడూ చదివించే, రిబ్బను దగ్గరున్న వచనం ఒక్కటే అతనికి వచ్చు. అదీ బట్టీయం. అక్షరమ్ముక్క రాదు. గొర్రెను దొంగిలించినందుకు ఉరి పడాల్సిన మనిషి. అయితే లాటిన్ కీర్తన చదవగలిగినవాణ్ణి చర్చి మనిషిగా లెక్కగట్టి, బొటనవేలి మీద వాత పెట్టి వదిలేయడం ఆ కాలంలో అక్కడి కోర్టుల ఆచారం. అందుకే జైల్లో పక్కనున్న ముసలి దొంగ మూడు రోజులు కూర్చోబెట్టి ఆ వచనం నేర్పాడు.

"కోర్టులో నీ చదువు తేల్చే ఫాదర్ 'లెగిట్' అన్నాడనుకో, చదివాడని. ఇంటికి పోతావ్. 'నోన్ లెగిట్' అంటే చదవలేదని. ఇక నీ పని సరి!" అన్నాడు ముసలాడు.

ఇప్పుడు కోర్టులో ఫాదర్ ఆ పుస్తకం తెచ్చి హంఫ్రీ ముఖం ముందు పట్టుకున్నాడు. జూలై ఎండ మాడ్చేస్తున్నా ఆయన చేతులకు ఉన్ని తొడుగులున్నాయి.

"ఏంటయ్యా, లాటిన్ మర్చిపోయావా?" జడ్జి వెటకారంగా అడిగాడు.

జనం గొల్లుమన్నారు. పేజీ నిండా చీమల బారుల్లా అక్షరాలు. హంఫ్రీకి భార్య ముఖం గుర్తొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని, వచ్చిన వచనాన్నే గడగడా అప్పజెప్పేశాడు.

జడ్జి ఫాదర్ వైపు తిరిగాడు.

"బాగా చూసి చెప్పండి ఫాదర్. లెగిట్?"

ఫాదర్ పేజీ వంక చూశాడు. హంఫ్రీ వంక చూశాడు. నుదుటి చెమట ముక్కు మీదికి జారింది.

"లెగిట్," అన్నాడు ఫాదర్, వినీ వినపడకుండా.

జడ్జి పళ్లు కొరికాడు. కానీ ఈ ఒక్క విషయంలో ఫాదర్ మాటకు తిరుగులేదు.

వాత పెట్టించుకుని, బొటనవేలు నీళ్ల బకెట్‌లో ముంచుకుని ఏడుస్తూ కూర్చున్న హంఫ్రీ దగ్గరికి ఫాదర్ వచ్చాడు.

హంఫ్రీ ఆయన కాళ్లు పట్టుకున్నాడు. "నేను చెప్పింది ఆ పేజీలో లేదు గదా ఫాదర్! జడ్జిగారు రిబ్బను దాటి తిప్పారు. తెలిసీ నా కోసం ఎందుకు అబద్ధమాడారు?"

ఫాదర్ ముఖం పాలిపోయింది. అటూ ఇటూ చూసి, మెల్లగా ఎడమచేతి తొడుగు లాగాడు. బొటనవేలి మీద పాత వాత.

"తిప్పాడా? నాకేం తెలుసు బాబూ, నాకూ వచ్చింది ఆ ఒక్క వచనమే."