ఒక్కరోజూ మంచమెక్కనివాడు

"ఎక్కడ అంటించుకుందో ఇవాళ తేలిపోవాలి డాక్టరుగారూ," అన్నాడు లేత్ మేస్త్రి, కూర్చోకుండానే.

పక్క కుర్చీలో అతని భార్య బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని ఉంది. ఇటునుంచి ఇటే ఆమెను పుట్టింటి బస్సెక్కించాలని పొద్దున తల్లీకొడుకులు తీర్మానించారు. ఆరు నెలల కిందట ఆమెకు పచ్చకామెర్లు వచ్చాయి. హెపటైటిస్ బి అన్నారు. రక్తం వల్లా, కాపురం వల్లా అంటుకునే జబ్బని తెలిసిన రోజు నుంచి ఇంట్లో ఆమెతో మాట్లాడినవాళ్లు లేరు. ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకోమంటే మేస్త్రి ఇన్నాళ్లకు రక్తమిచ్చాడు. "నిప్పులా బతికినదాన్ని, నాకెందుకురా?" అని తల్లి ఇవ్వనేలేదు. ఇప్పుడు బయట బెంచీ మీద కూర్చుంది.

డాక్టరు మొగుడూపెళ్లాల రక్తపరీక్షల కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టాడు.

"ఆవిడ ఒంట్లో వైరస్ ఇప్పుడు లేదు. ఒళ్లు పోట్లాడి తరిమేసింది. ఆ పోట్లాటకే మంచం పట్టింది. ఇక భయం లేదు."

"సరే, తెచ్చింది ఎక్కణ్ణుంచంట?"

"మీ దగ్గర్నుంచే."

మేస్త్రి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "నేనా? ఇరవై ఏళ్లలో ఒక్కరోజు సెలవు పెట్టలేదండీ! జ్వరమంటే ఎలా ఉంటుందో కూడా తెలీదు."

"అదే కొంప ముంచింది. పెద్దయ్యాక వస్తే ఒళ్లు దొంగని గుర్తుపట్టి కలబడుతుంది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు చేరితే ఇంటి మనిషే అనుకుని ఊరుకుంటుంది. మీ ఒళ్లు ఆలస్యంగా మేలుకుని చీకట్లో కొడుతోంది. దెబ్బలన్నీ కాలేయానికే. సగం గట్టిపడింది. ఇక మందులు మానకూడదు."

వెంట్రుకవాసి తేడా కూడా పట్టేసే మేస్త్రి కళ్లకు కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి.

"పసిగుడ్డుకి ఎవరంటిస్తారండీ?"

డాక్టరు ఇంకో పరీక్షకు చీటీ అందుకున్నాడు. "ఇందులో తప్పెవరిదీ కాదు," అని గొంతు తగ్గించాడు. "మీ అమ్మగారి వయసెంత?"

మేస్త్రికి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. భార్య సంచి భుజాన వేసుకుని లేచింది.

"పుట్టింటికి ఇంకెందుకు? మనింటికి పోదాం," అన్నాడు ఆమెతో.

"బస్సు టైమవుతోంది," అందామె.

తలుపు సందులోంచి తల్లి తొంగిచూసింది.

"ఏరా, ఎవడి దగ్గర్నుంచి తెచ్చిందట?"