కడుపులో చల్ల కదలకుండా

"మా లిఫ్టు ఎక్కితే కడుపులో చల్ల కదలదు మేడం. ఎక్కినట్టే తెలియదు," అన్నాడు కాంట్రాక్టరు, పెళ్లికూతురి తండ్రిలా చేతులు కట్టుకుని.

ప్రభుత్వాసుపత్రి లిఫ్టుకి కొత్త ఇనుప తాడు వేశానని అతను బిల్లు పెట్టాడు. పోయిన నెల ఆ లిఫ్టే ఒక బాలింతని మంచంతో సహా ఒక అంతస్తు కిందికి జార్చింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, పాత తాడుకే రంగు పూశారని సభలో గొడవైంది. నిజం తేల్చమని శాసనసభ కమిటీని పంపారు. ఈ పూట గట్టెక్కితే మిగతా ఆసుపత్రుల లిఫ్టులు కూడా కాంట్రాక్టరువే. దొరికిపోతే జైలు.

కమిటీ అంటే వచ్చింది ఇద్దరే. మిగతావాళ్లకి పెళ్లిళ్లున్నాయి. అధ్యక్షురాలు ఉలకదు, పలకదు. సభలో చాటుగా ఆమెని 'బెల్లం కొట్టిన రాయి' అంటారు. సభ్యుడు భారీ మనిషి. ఆయన ధ్యాసంతా ఐదో అంతస్తులో వడ్డించి ఉంచిన భోజనం మీదే ఉంది.

పొద్దుటి నుంచి కాగితాలు చూశారు. కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. పని బాగుందని సంతకం పెట్టింది ఆసుపత్రి ఇంజినీరు. పని మీద తప్ప ఒకరి ముఖం ఒకరం ఎరగమని అతనూ కాంట్రాక్టరూ విడివిడిగా చెప్పారు. పోనీ తాడే చూద్దామంటే, మేడ మీద మోటారు గది తాళంచెవి కనబడటం లేదన్నాడు ఇంజినీరు.

"దొరుకుతుందిలే," అంది అధ్యక్షురాలు. పొద్దుటి నుంచి ఆమె నోటివెంట వచ్చిన మాట అదొక్కటే.

నలుగురూ లిఫ్టు దగ్గరికి వచ్చారు. ఆ పూట రోగులెవరూ అటు రాకుండా కాంట్రాక్టరు ఒక కాపలా మనిషిని పెట్టాడు. అతను వీళ్లని చూసి ఉలిక్కిపడి సెల్యూట్ కొట్టాడు. ముందు మగవాళ్లు ముగ్గురూ లోపలికి సర్దుకున్నారు. చివరగా అధ్యక్షురాలు ఎక్కి, తలుపు పక్క గోడకి వీపు ఆనించింది. ఆమెకి మోకాళ్ల నొప్పులు. గోడ కనబడితే చాలు, చేరగిలబడుతుంది.

"ఐదో అంతస్తు," అన్నాడు సభ్యుడు, దేవుణ్ణి తలుచుకున్నట్టు.

తలుపులు మూసుకున్నాయి. ఫ్యాను తిరుగుతోంది. సభ్యుడు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. నిజంగానే కడుపులో చల్ల కదల్లేదు.

"ఇంకా రాలేదేం?" అన్నాడు సభ్యుడు.

కాంట్రాక్టరు తలుపు పైకి చూశాడు. అంతస్తు నంబరు చూపించే దీపం ఏనాడో పోయింది. ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. అతని నుదుట చెమట పట్టింది.

"మధ్యలో ఆగినట్టుంది," అన్నాడు ఇంజినీరు గొంతు తగ్గించి.

"అయితే గంట కొట్టండయ్యా!"

"గంట ఉంది సార్. దానికి వైరే లేదు."

అధ్యక్షురాలు తలూపింది. "తాడు కొత్తదేగా?"

"సరికొత్తది మేడం! ఏనుగుని ఎక్కించినా తెగదు."

"మరి భయమెందుకు?" ఆమె సభ్యుడి వైపు తిరిగింది. "మీరొకసారి గట్టిగా ఎగరండి. కదులుతుందేమో."

సభ్యుడు ప్యాంటు పైకి లాక్కుని మోకాళ్లు వంచాడు.

"వద్దు!" కాంట్రాక్టరు ఆయన నడుముని వాటేసుకున్నాడు. చేతులు చాల్లేదు. "పిల్లలు గలవాణ్ణి సార్! మీ కాళ్లు పట్టుకుంటా, ఆ కాళ్లు మాత్రం నేల మీదే ఉంచండి!"

"కొత్త తాడన్నావుగా," అంది ఆమె.

"కాదు మేడం! పాతదానికే రంగేశాం!"

"వేశాం ఏంటి? వేశావు!" అన్నాడు ఇంజినీరు.

"సంతకం నీదే కదా బావా!"

కాంట్రాక్టరు నాలుక కరుచుకున్నాడు.

"బావా?" అంది అధ్యక్షురాలు.

ఇంజినీరు కళ్లు మూసుకున్నాడు. "మా ఆవిడ తమ్ముడండీ. ఏ జన్మలో చేసుకున్న పాపమో."

"ఓహో, ఇప్పుడు పాపాన్నయ్యానా? కొత్త తాడు పట్టుకెళ్లి నీ ఇంటి లిఫ్టుకి బిగించుకున్నప్పుడు పుణ్యాన్నా?"

"మీ అమ్మే కదరా, మూడంతస్తులు ఎక్కలేకపోతున్నానని ఏడ్చింది!"

"మా అమ్మనంటే ఊరుకోను!"

"ఊరుకోక ఎక్కడికి పోతావు? దమ్ముంటే దిగి మాట్లాడు!"

ఇద్దరి మధ్యా సభ్యుడు నలిగిపోయాడు. "మీ కుటుంబ గొడవలు తర్వాత తేల్చుకోండ్రా నాయనా, పైన అన్నం చల్లారిపోతోంది," అంటూ కాస్త పక్కకి జరిగాడు.

కాళ్ల కింద కిర్రుమంది.

అంతే, ఇంజినీరు గబుక్కున వంగాడు. మేజోడులోంచి మోటారు గది తాళంచెవి తీసి, రెండు చేతులతో అధ్యక్షురాలికి సమర్పించుకున్నాడు. "అన్నీ ఒప్పుకుంటాం మేడం. రాసిమ్మన్నా ఇస్తాం. పైనున్న ఆ తాడు సంగతి నాకు తెలుసు. ఎవరూ గట్టిగా తుమ్మకండి."

ఆమె తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"మొత్తం విన్నారుగా?" అని సభ్యుణ్ణి అడిగింది.

"విన్నాను తల్లీ. బతికి బయటపడితే సాక్ష్యం కూడా చెప్తాను."

"పడతాంలెండి. మేడ మీదికి మాత్రం మెట్లెక్కే పోదాం."

ఆమె గోడ మీంచి వీపు తీసి, ఇంతసేపూ ఆ వీపు చాటునే ఉన్న, ఎక్కిన దగ్గర్నుంచీ ఎవరూ ముట్టని బటన్లలో తలుపు తెరిచేది నొక్కింది. ఎదురుగా, ఎక్కిన చోటే, కాపలా మనిషి కొట్టిన సెల్యూట్ ఇంకా దించలేదు.