సైనవుట్ చేయని మెయిలు

"వెంకటేష్ యాడికి పోయినాడన్నా?"

"ఇప్పుడే నవ్వుకుంటా లేచిపాయె. నువ్వొస్తే ఆ మూల సిస్టం కాడ కూసోమనె. ఇంకా అర్ధగంట టైముండాదంట," అన్నాడు ఇంటర్నెట్ సెంటర్ శంకరప్ప.

చైతన్య కూర్చున్నాడు. తెరమీద వెంకటేష్ మెయిలు తెరిచే ఉంది. బెంగళూరు కంపెనీ పంపిన ఉత్తరం కళ్ళెదుటే కనిపిస్తోంది. 'ప్రియమైన అభ్యర్థీ, మీరు ఎంపికయ్యారు. సాయంత్రం ఐదులోగా సమ్మతి తెలపండి. లేదంటే ఈ ఉద్యోగం తర్వాతివారికి ఇస్తాం.'

చైతన్యకు ఒళ్ళు మండింది. ఉన్నది ఒకటే ఉద్యోగం. మదనపల్లె నుంచి ఇంటర్వ్యూకు పోయింది తామిద్దరే. నెలాఖరుకు ఏదీ రాకపోతే టమోటా మండీలో కూర్చోబెడతానని నాయన తేల్చి చెప్పేశాడు.

అసలు మంట వేరే ఉంది. లాగిన్ అయినవాణ్ణి వెబ్‌సైటు పేజీ పేజీకీ ఎలా గుర్తుపెట్టుకుంటుందని ఇంటర్వ్యూలో అడిగారు. ఆ జవాబు బస్సులో వెంకటేష్‌కు నూరిపోసింది తనే. "సర్వర్‌కు మతిమరుపురా. పేజీ ఇచ్చేసినాక ఎవరికిచ్చిందో మర్చిపోతాది. అందుకే లాగిన్ కాంగానే బ్రౌజర్ చేతిలో ఒక చీటీ పెడతాది. ప్రతిసారీ ఆ చీటీ సూపిస్తే సాలు, మొగం సూడదు." నేర్పినవాడికి పంగనామం, నేర్చుకున్నవాడికి ఉద్యోగం!

ఇప్పుడా చీటీ తన ముందే ఉంది. సర్వర్ లెక్కలో తనే వెంకటేష్.

మౌస్ మీది చెయ్యి ఒక్క క్షణం ఆగింది. వెంకటేష్ వాళ్ళమ్మ మునిలక్ష్మమ్మ పెట్టిన సంగటి ఎన్నోసార్లు తిన్న చెయ్యి. తమ ఊరు కురబలకోటలో ఇంట్లో ఫోన్ లేక, ఇంటర్వ్యూలో ఇద్దరూ ఇచ్చింది కూడా వాళ్ళింటి నంబరే. ఆగింది ఒక్క క్షణమే.

'నాకు ఈ ఉద్యోగం అక్కర్లేదు,' అని కొట్టాడు. వెంకటేష్ మళ్ళీ బతిమాలుకుంటాడేమోనని ఇంకో వాక్యం చేర్చాడు. 'మీ కంపెనీలో పనిచేయడం నాకు నామోషీ.'

కాసేపటికే జవాబు వచ్చింది. 'సంతోషం. వేరొకరికి ఇచ్చేశాం. ఇకపై మాకు దరఖాస్తు పెట్టకండి.'

చైతన్యకు ప్రాణం లేచొచ్చింది. ఆ వేరొకరు తను కాక ఇంకెవరు? ఆ కంపెనీ మెయిళ్ళన్నీ చెరిపేసి, సైనవుట్ చేశాడు.

వెంకటేష్ మైసూర్‌పాకు పొట్లంతో వచ్చాడు. "నోరు తెరువప్పా!"

పాపం, తింటే పోయేదేముంది? చైతన్య నోరు తెరిచాడు. "ఏం విశేషంరా?"

"ఏం విశేషమా? మెయిలు సూడలేదా?"

"యా మెయిలు? నువ్వు సైనవుట్ మర్చిపోయినావని నేనే మూసేసినా."

"మర్చిపోయేదేంరా! నువ్వే కండ్లారా సూసుకోవాలని తెరిచిపెట్టి పోతి."

నోట్లో తీపి నోట్లోనే ఉండిపోయింది. "నేను... నేను యాల సూడాల?"

"నీ మెయిల్ బాక్సు నిండిపోయి, పంపినవి తిరిగొస్తాండాయని పొద్దున వాళ్ళు మా ఇంటికి ఫోన్ చేసిరి," అంటూ వెంకటేష్ ఇంకో ముక్క అతని నోటికందించాడు.

"నీ ఆర్డరు నా మెయిలుకు పంపమన్నానప్పా."